ఎలిజబెత్ ఫాక్స్: మద్రాసు రేవులో ముగిసిన ప్రయాణం

మచిలీపట్నంలోని నోబుల్ కాలేజీ పేరు వినని తెలుగు క్రైస్తవులు తక్కువ. ఆ కాలేజీకి పేరిచ్చిన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్ గారి త్యాగం గురించి మన సంఘాల్లో ప్రసంగాలు జరుగుతూనే ఉంటాయి. ఆయనతో కలిసి వచ్చిన హెన్రీ వాట్సన్ ఫాక్స్ గారి గురించి కొంత తక్కువగా వింటాం. వారితో పాటే వచ్చిన మూడో వ్యక్తి గురించి దాదాపుగా ఏమీ వినం. ఆమె ఫాక్స్ గారి భార్య ఎలిజబెత్.

మిషను చరిత్రలో ఆమెకు సాధారణంగా దక్కేది ఒక్క వాక్యమే. భార్యకు జబ్బు చేసినందువల్ల ఫాక్స్ గారు ఇంగ్లండుకు బయలుదేరారనీ, ఓడ మద్రాసు తీరం దాటకముందే ఆమె చనిపోయారనీ రాసి, చరిత్రకారులు తరువాతి సంగతికి వెళ్లిపోతారు. ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ వారం మనం ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగుదాం. ఎందుకంటే మచిలీపట్నంలోనే కాదు, మన హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో సువార్త పని జరిగే ప్రతి ఇంటిలోనూ అలాంటి వాక్యంలో ఇమిడిపోతున్న ఒక స్త్రీ ఉంది.

హెన్రీ ఫాక్స్ గారు 1817లో ఇంగ్లండు ఉత్తర భాగాన డర్హామ్ ప్రాంతంలోని వెస్టో అనే ఊరిలో పుట్టారు. రగ్బీ పాఠశాలలో చదివారు. ఆ రోజుల్లో ఆ పాఠశాలకు పెద్ద డాక్టర్ ఆర్నాల్డ్. దేశమంతా పేరున్న విద్యావేత్త ఆయన. అక్కడి నుంచి ఫాక్స్ గారు ఆక్స్‌ఫర్డులోని వాడమ్ కాలేజీలో చేరి 1839లో పట్టా పుచ్చుకున్నారు. కలిగిన కుటుంబం, మంచి చదువు, ముందు సుఖమైన జీవితం. స్వదేశంలోనే ఒక సంఘానికి గురువుగా ఉండి హాయిగా బతకవచ్చు. కానీ ఆయన మనసు దూరదేశపు పరిచర్య మీదికి మళ్లింది. 1840 డిసెంబరులో గురువుగా అభిషేకం పొంది, చర్చి మిషనరీ సొసైటీ తరఫున తెలుగు దేశానికి రావడానికి ఒప్పుకున్నారు.

అప్పటికి ఆ సొసైటీ తెలుగువారి మధ్య పని మొదలుపెట్టలేదు. మచిలీపట్నంలోని కొందరు ఇంగ్లీషు ఉద్యోగులు తమ ప్రాంతానికి మిషనరీలను పంపమని కోరారు. ఆ పిలుపుకు జవాబుగా వచ్చిన మొదటి వారే నోబుల్, ఫాక్స్ గార్లు. నోబుల్ గారికి పెళ్లి కాలేదు, చివరి వరకు చేసుకోలేదు కూడా. ఫాక్స్ గారు మాత్రం ఎలిజబెత్ గారిని వెంట తీసుకొని వచ్చారు.

1841 మార్చిలో వారు ఓడ ఎక్కారు. అప్పటికి సూయజ్ కాలువ లేదు. ఆఫ్రికా ఖండాన్ని చుట్టి రావాలి. జూలైలో మద్రాసు చేరేసరికి దాదాపు నాలుగు నెలలు గడిచాయి. అదే సంవత్సరం మచిలీపట్నంలో ఎలిజబెత్ గారికి కొడుకు పుట్టాడు. అతనికి హెన్రీ ఇలియట్ అని పేరు పెట్టారు. తేదీలు లెక్కవేస్తే సంగతి తెలుస్తుంది. ఆ సముద్ర ప్రయాణమంతా ఆమె గర్భవతిగానే చేశారు. తొలి చూలు స్త్రీని పుట్టింటికి పంపి, వేళకు తిండి పెట్టి, కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకునే ఆచారం మనది. ఆమె మాత్రం తల్లికీ పుట్టింటికీ రోజురోజుకూ దూరమవుతూ, ఊగే ఓడలో ఆ నెలలు గడిపారు. ఫాక్స్ గారి జీవితాన్ని చెప్పుకొనేటప్పుడు ఆయన దేశం విడిచి వచ్చిన ధైర్యాన్ని మెచ్చుకుంటాం. ఆ ఓడలో ఆమె చూపిన ధైర్యం దానికి ఏమాత్రం తీసిపోదు.

మచిలీపట్నం ఎలాంటి చోటో మన కోస్తా వారికి చెప్పనక్కరలేదు. చుట్టూ ఉప్పుకయ్యలు, చిత్తడి నేలలు, దోమలు, మంచినీటికి ఎద్దడి, వేసవి వచ్చిందంటే ఉక్కపోత. పదేళ్ల కిందట వచ్చిన నందన కరువు ఆ జిల్లాలను ఊడ్చిపెట్టింది. అది అక్కడి జనం ఇంకా మరచిపోని సంగతి. చల్లని దేశం నుంచి వచ్చినవారి ఒంటికి ఆ ఊరు పడటం కష్టం. మలేరియా దోమ వల్ల వస్తుందని అప్పటికి లోకంలో ఎవరికీ తెలియదు. నీటిని కాచి తాగితే విరేచనాల జబ్బులు తగ్గుతాయన్న జ్ఞానం కూడా వైద్యులకు లేదు. జ్వరం వస్తే రక్తం తీయడం, గాలి మార్పుకు పంపడం, అదీ కాకపోతే ఓడ ఎక్కించి స్వదేశానికి పంపడం, ఇవే వారికి తెలిసిన మార్గాలు.

అక్కడ నోబుల్ గారు పాఠశాల పని చేపట్టారు. 1843 నవంబరులో ఆ పాఠశాల తెరిచారు. ఫాక్స్ గారి పని వేరు. తెలుగు నేర్చుకొని ఊరూరా తిరిగి సువార్త ప్రకటించడం ఆయన వంతు. ఈనాడు మనకు చాలా తేలికగా కనిపించే ఆ పని ఆనాడు ఎంత కష్టమో ఆలోచించండి. బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు ఇంకా అచ్చు కాలేదు. తెలుగులో సంపూర్ణ బైబిలు ఇంకా రాలేదు. పల్లెల్లో, సంతల్లో, తిరునాళ్లలో నిలబడి అరకొర తెలుగుతో మాట్లాడాలి. వినేవారు నవ్వినా, వాదించినా ఓర్చుకోవాలి. రోజుల తరబడి ఇల్లు విడిచి గుడారాల్లో ఉండాలి.

ఆయన ఊళ్లు తిరుగుతున్నప్పుడు ఇల్లు ఎవరు చూశారు? పసిబిడ్డకు జ్వరమొస్తే రాత్రంతా ఎవరు మేలుకున్నారు? భాష రాని ఊరిలో పనివారితో, ఇరుగుపొరుగుతో ఎవరు నెట్టుకొచ్చారు? ఈ ప్రశ్నలకు జవాబు కోసం పుస్తకాలు వెదకనక్కరలేదు. మీ సంఘ కాపరి ఇంటికి వెళ్లి చూస్తే చాలు.

మొదట జబ్బుపడినది ఫాక్స్ గారే. వచ్చిన కొద్ది కాలానికే ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతిని, నీలగిరి కొండలకు వెళ్లవలసి వచ్చింది. రైళ్లు లేని కాలం అది. పల్లకీల్లో, ఎడ్లబండ్లలో, కొంత దూరం సముద్రం మీద సాగే ప్రయాణం. కొండల మీద కొంత కోలుకున్నాక ఆయన ఊరికే కూర్చోలేదు. తిరువాన్కూరు, తిరునల్వేలి ప్రాంతాల్లోని సంఘాలను చూస్తూ, అక్కడ పని ఎలా జరుగుతున్నదో తెలుసుకుంటూ తిరిగి తెలుగు దేశానికి వచ్చారు. తిరునల్వేలిలో వందల గ్రామాల్లో సంఘాలు వెలిశాయి. మచిలీపట్నంలో ఇంకా దున్నడమే సాగుతోంది. ఆ తేడా చూసి కూడా ఆయన తన పొలాన్ని వదలలేదు.

తరువాత జబ్బు ఎలిజబెత్ గారి వంతయింది.

1845 నాటికి ఆమె ఆరోగ్యం పూర్తిగా క్షీణించింది. ఈ దేశంలో ఉంటే ఆమె బతకదనీ, స్వదేశం చేరితేనే ఆశ ఉందనీ తేలిపోయింది. ఫాక్స్ గారికి అప్పటికి తెలుగు బాగా వచ్చింది. నాలుగేళ్ల కష్టం తరువాత, జనం ఆయన మాట అర్థం చేసుకుంటున్న సమయం అది. సరిగ్గా అప్పుడే పని ఆపి ఓడ ఎక్కాలి. భార్య ప్రాణమా, పిలుపా అన్న ప్రశ్న అటువంటి వేళ సేవకుని మనసును ఎంత నలిపేస్తుందో అనుభవించినవారికి తెలుసు. ఫాక్స్ గారు భార్యను తీసుకొని బయలుదేరారు. అది పిలుపును వదలడం కాదు. పెళ్లినాడు దేవుని యెదుట చేసిన ప్రమాణం కూడా ఒక పిలుపే. రోగియైన భార్య పక్కన కూర్చున్న సువార్తికుడు పరిచర్యకు సెలవు పెట్టినట్టు కాదు. ఆ దినాల్లో ఆయనకు దేవుడు అప్పగించిన పరిచర్య అదే.

మద్రాసు చేరినంత మాత్రాన ఓడ ఎక్కినట్టు కాదు. ఆ కాలంలో మద్రాసుకు రేవు కట్టడం లేదు. ఇప్పుడున్న హార్బరు పని మొదలైనది 1870లలో. అంతకు ముందు ఓడలన్నీ తీరానికి దూరంగా లంగరు వేసి నిలిచేవి. ఒడ్డుకూ ఓడకూ మధ్య పెద్ద పెద్ద అలలు విరుగుతూ ఉండేవి. పలకలను తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో మనుషులను ఎక్కించి, ఆ అలల మీదుగా ఓడ దాకా తీసుకుపోయేవారు. ఆరోగ్యవంతులే ప్రాణాలు అరచేత పట్టుకొని కూర్చునే ప్రయాణం అది. నిలబడే శక్తి లేని రోగికి అది ఎంత బాధో ఊహించుకోవచ్చు.

ఇంగ్లండు ఇంకా నాలుగు నెలల దూరం. ఆమెకు అన్ని దినాలు లేవు. ఓడ మద్రాసు తీరం దాటకముందే ఎలిజబెత్ ఫాక్స్ గారు ప్రభువునందు నిద్రించారు. నాలుగేళ్ల కిందట కడుపులో బిడ్డతో ఏ తీరంలో దిగారో, ఆ తీరం ముందే ఆమె చివరి శ్వాస విడిచారు. బయలుదేరిన ఇంటికి చేరలేదు. పనిచేసిన ఊరికి తిరిగి రాలేదు.

పరిశుద్ధ గ్రంథం చదివేవారికి ఇక్కడ రాహేలు గుర్తుకు రావాలి. ఆమె కూడా ప్రయాణంలోనే చనిపోయింది. ఎఫ్రాతాకు ఇంకా కొంత దూరం ఉండగానే ఆమె ప్రాణం పోయింది. యాకోబు ఆమెను దారిలోనే సమాధి చేసి, ఆ చోట ఒక స్తంభం నిలిపి, పిల్లలతో ముందుకు సాగిపోయాడు. వాగ్దానం పొందిన మనిషికి కూడా దారిలో సమాధి తప్పలేదు. అయితే యాకోబు ఆ సమాధిని మరచిపోలేదు. ఎన్నో ఏళ్ల తరువాత, ఐగుప్తులో మంచం మీద ఉండి యోసేపుతో మాట్లాడేటప్పుడు కూడా ఆ దారినీ ఆ సమాధినీ తలచుకున్నాడు. స్తంభం నిలపడమంటే అదే.

ఫాక్స్ గారు తల్లిలేని పిల్లలతో ఇంగ్లండు చేరారు. ఆయన అక్కడే ఉండిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ 1846లోనే, పిల్లలను స్వదేశంలో ఉంచి, మళ్లీ ఇండియాకు ఓడ ఎక్కారు. ఈ నిర్ణయాన్ని మన కాలపు తల్లిదండ్రులు సులువుగా ఒప్పుకోలేరు. తల్లిని పోగొట్టుకున్న పసివారికి తండ్రి కూడా దూరమయ్యాడు. దాన్ని పొగడ్తలతో కప్పివేయకుండా, ఆ పిల్లలు కూడా తెలుగు సంఘం కోసం ఒక మూల్యం చెల్లించారని ఒప్పుకోవడం న్యాయం. ఫాక్స్ గారి శరీరం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. మళ్లీ జబ్బుపడి 1848లో ఈ దేశాన్ని శాశ్వతంగా విడిచారు. ఇంగ్లండులో సొసైటీకి సహాయ కార్యదర్శిగా కొద్ది కాలం పనిచేసి, అదే సంవత్సరం అక్టోబరులో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 31 ఏళ్లు. దక్షిణ ఇండియా మిషన్ల గురించి ఆయన రాసిన పుస్తకం కూడా ఆ సంవత్సరమే వెలువడింది.

మనుషుల లెక్కలో చూస్తే ఈ కుటుంబం కథ ఓటమిలాగే కనిపిస్తుంది. నోబుల్ పాఠశాల నుంచి మొదటి విద్యార్థులు బాప్తిస్మం పొందినది 1852లో. వారిలో మంచాల రత్నం, అయినాల భూషణం గార్లు తరువాత గురువులయ్యారు. ఆ దినాన్ని చూడటానికి ఎలిజబెత్ గారు లేరు, హెన్రీ గారు లేరు. నోబుల్ గారు ఒక్కరే చూశారు. ఆయన 24 ఏళ్లపాటు ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్లకుండా పనిచేసి 1865లో మచిలీపట్నంలోనే కన్నుమూశారు.

అయినా విత్తనం చావలేదు. ఫాక్స్ గారు చదివిన రగ్బీ పాఠశాల వారు ఆయన జ్ఞాపకార్థం నిధి సమకూర్చి, మచిలీపట్నం పాఠశాలకు ఒక ఉపాధ్యాయుణ్ణి పోషించారు. ఆ పదవికి రగ్బీ ఫాక్స్ మాస్టర్ అని పేరు. మచిలీపట్నంలో పుట్టిన ఆ పెద్దకొడుకు హెన్రీ ఇలియట్ పెరిగి పెద్దవాడై గురువయ్యాడు. 1895లో చర్చి మిషనరీ సొసైటీకే గౌరవ కార్యదర్శి అయ్యాడు. తల్లిదండ్రులను పంపిన సొసైటీ పగ్గాలు, తెలుగు నేల మీద పుట్టిన బిడ్డ చేతికి వచ్చాయి. ఓడలో అతణ్ణి కడుపులో మోసుకొచ్చిన తల్లిని ఈ సందర్భంలోనైనా తలచుకోవాలి.

ఎలిజబెత్ గారిది ఒంటరి కథ కాదు. సేరాంపూరులో విలియం కేరీ గారి భార్య డొరోతీ, పసికొడుకును పోగొట్టుకున్న తరువాత మతి చలించి, పన్నెండేళ్లకు పైగా అదే స్థితిలో ఉండి 1807 డిసెంబరులో చనిపోయారు. కేరీ గారు అనువాదాలు చేస్తున్న ఇంటిలోనే ఆమె బాధ కూడా ఉంది. బర్మాలో ఆన్ జడ్సన్ గారు, ఖైదులో ఉన్న భర్తకు అన్నం మోసి, ఆయన ప్రాణం నిలబెట్టి, 1826 అక్టోబరులో జ్వరంతో చనిపోయారు. ఆ సమయానికి భర్త పక్కన లేడు. కేరీ, జడ్సన్, ఫాక్స్ అని మనం పేర్లు చెప్పుకుంటాం. ప్రతి పేరు పక్కన ఒక మంచం ఉంది. ఆ మంచం మీద ఒక స్త్రీ ఉంది.

ఇక మన సంగతి చూద్దాం. ఈనాడు హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్ల చిల్లర దూరం. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి పెద్దాసుపత్రిలో ఉండవచ్చు. ఎలిజబెత్ గారికి లేని వైద్యం మనకుంది. అయినా ఎందరు పాస్టరమ్మలు జబ్బు ముదిరేదాకా నోరు మెదపరు? ఖర్చు సంఘానికి భారమవుతుందని కొందరు. భర్త కూటాలకు అడ్డం వస్తుందని కొందరు. దైవసేవకుని భార్యకే రోగమొస్తే విశ్వాసం లేదంటారేమోనని మరి కొందరు. ఈ చివరి భయం మన సంఘాలు పెట్టిన భయమే. దాన్ని తీసేయవలసినది కూడా మనమే. పౌలు తన తోటి పనివాడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వెళ్లాడు. ఎపఫ్రొదితు చావుకు దగ్గరయ్యేంత జబ్బుపడ్డాడు. వారికి విశ్వాసం తక్కువని అపొస్తలుడు ఎక్కడా రాయలేదు. రోగం ఉన్నచోట పాపం వెదికే అలవాటు యోబు స్నేహితులది. వారిని దేవుడు మెచ్చుకోలేదు.

అందుచేత సంఘ పెద్దలకు కొన్ని మాటలు చెప్పాలి. కాపరి జీతం లెక్క వేసేటప్పుడు, అతని కుటుంబం వైద్యం ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నదో లేదో, దానికి రాని జబ్బులకు ఏమి చేయాలో జబ్బు రాకముందే మాట్లాడుకోండి. కాపరి భార్య ఆసుపత్రిలో ఉన్న వారాల్లో ఆయన చేత ప్రసంగం చేయించకండి. సంఘంలో వాక్యం చెప్పగలవారు మరొకరు నిలబడవచ్చు. స్త్రీల సమాజం వారు ప్రార్థన చేసి ఇంటికి పోకుండా, ఆ పిల్లలకు పొద్దున టిఫిను, సాయంత్రం అన్నం ఎవరు పెడుతున్నారో చూడండి. ఆసుపత్రిలో రాత్రి ఆమె పక్కన పడుకోవడానికి ఒక సహోదరిని పంపండి. ఆమె చనిపోతే, సమాధి కార్యక్రమంలో ఆమె పేరును భర్త పేరుకు తోకగా చెప్పకండి. ఆమె ఏ ఊరి ఆడపడుచో, ఏమి చేసిందో, ఎవరిని ఆదరించిందో చెప్పండి. తల్లిలేని పిల్లలను మరుసటి నెలకే మరచిపోకండి.

సువార్తికులకు కూడా ఒక మాట. మీ భార్య తనకు బాగోలేదని చెప్పే మొదటి రోజునే వినండి. మూడు రోజుల కూటాలు వాయిదా పడవచ్చు, కరపత్రాలు మళ్లీ అచ్చు వేయించుకోవచ్చు. ఫాక్స్ గారు నాలుగేళ్ల కష్టాన్ని మధ్యలో ఆపి భార్యతో ఓడ ఎక్కారు. ఆమెను కాపాడలేకపోయారు గాని, ఆమెను ఒంటరిగా పంపలేదు.

మచిలీపట్నంలో 1841లో మొదలైన ఆ పని తరువాత దోర్నకల్ అధ్యక్ష మండలంలోనూ, 1947 నుంచి దక్షిణ ఇండియా సంఘంలోనూ కలిసి కృష్ణా, గోదావరి తీరాలంతా విస్తరించింది. ఆ సంఘాల్లో ప్రతి ఆదివారం తెలుగులో స్తుతి లేస్తోంది. యాకోబు దారిలో ఒక రాయి నిలిపాడు. మనకు ఆ సముద్ర తీరంలో రాయి నిలపడం కుదరదు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, మీ కాపరి భార్యను ఆరోగ్యం ఎలా ఉందని అడగండి. ఆమె బాగానే ఉందని చెప్పినా, వెంటనే కదలిపోకుండా ఇంకాసేపు ఆమె దగ్గర కూర్చోండి.